పదేళ్ల ఆట, నలభై ఏళ్ల ఇల్లు: ఎక్కువ సంపాదన ఉన్నవాళ్లు ఏ పన్ను దారి ఎంచుకోవాలి

మొన్న ఏప్రిల్‌లో ఒక సాయంత్రం పటమట నుంచి ఒక తండ్రి మా ఆఫీసుకి వచ్చారు. విజయవాడ గవర్నర్‌పేటలో చాలా ఏళ్లుగా పన్ను లెక్కలు చూస్తున్నాను కాబట్టి ఏప్రిల్ నెలంతా ఇలాంటి రాకపోకలే. వాళ్లబ్బాయికి 2025–26లో మొదటిసారి పెద్ద స్పాన్సర్ దొరికాడు. మొత్తం 68 లక్షలు వచ్చింది. కోచ్‌కి, ఫిజియోకి, ప్రయాణాలకి 8 లక్షలు పోగా 60 లక్షలు మిగిలింది. ఆ డబ్బులో చాలా భాగం అప్పుడే ఒక ఫ్లాట్‌కి అడ్వాన్స్‌గా ఇచ్చేశారు. "పది శాతం వాళ్లే పట్టుకున్నారు కదండీ, ఇంకా కట్టేదేముంది?" అన్నారు.

లెక్క వేసి చూపించాను. 60 లక్షల మీద కొత్త విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు ఉండవు) పన్ను, దాని మీద పడే సర్‌చార్జీ, సెస్ అనే అదనాలు అన్నీ కలిపి 15,78,720 రూపాయలు. టీడీఎస్ రూపంలో వెళ్లింది 6,80,000. ఇంకా 9 లక్షలకు కాస్త తక్కువ కట్టాలి, ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టాల్సిన అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనందుకు వడ్డీ అదనం. ఆయన కాసేపు కాగితం వైపే చూసి, "ఫ్లాట్ వాళ్లని అడిగితే అడ్వాన్స్ వెనక్కి ఇస్తారంటారా?" అని అడిగారు.

ఒక్క రూపాయి దాచిన మనిషి కాదాయన. టీడీఎస్ అంటే పన్నులో కొంత ముందుగా పట్టుకోవడం మాత్రమేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. మన దగ్గర ఆటగాళ్లకు కొదవ లేదు. గుంటూరు చెస్‌కి పెంటేల హరికృష్ణని, ద్రోణవల్లి హారికని ఇచ్చింది, బ్యాడ్మింటన్‌కి కిదాంబి శ్రీకాంత్‌ని ఇచ్చింది. విజయవాడ నుంచి ఆర్చరీలో వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ ఆసియా క్రీడల పతకాలు తెచ్చారు. వాళ్ల వెనక ఇందిరాగాంధీ స్టేడియంలోనూ, గుంటూరు బీఆర్ స్టేడియంలోనూ తెల్లవారుజామునే చెమటోడుస్తున్న పిల్లలు ఎంతోమంది. వాళ్లలో కొందరికైనా డబ్బు వస్తుంది, వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. ఆ రోజు ఇంట్లో ఎవరో ఒకరు దుబాయ్ అంటారు, ఇంకొకరు కంపెనీ పెట్టమంటారు, మరొకరు పొలం కొనమంటారు. ఈ దారుల్లో ఏది ఎవరికి పనికొస్తుందో నాకు తెలిసినంతలో చెప్తాను. అంకెలన్నీ 2025–26 ఆర్థిక సంవత్సరానివి.

ఒకే మూడు కోట్లు, రెండు ఇళ్లు

ఆటగాడికి పన్ను ఎందుకు అంత బరువో తెలియాలంటే ముందు ఈ లెక్క చూడాలి.

ఒక ఇంట్లో ఉద్యోగి. మినహాయింపులు పోను ఏడాదికి 15 లక్షల చొప్పున ఇరవై ఏళ్లు సంపాదించాడు, మొత్తం 3 కోట్లు. ఈ రేట్లే అన్నేళ్లూ ఉన్నాయనుకుంటే ఏడాదికి 1,09,200 చొప్పున ఇరవై ఏళ్లకు కట్టేది 21,84,000.

పక్కింట్లో ఆటగాడు. అదే 3 కోట్లు మూడేళ్లలో వచ్చాయి, ఏడాదికి కోటి చొప్పున. తర్వాత మోకాలు దెబ్బతింది, ఆట ఆగిపోయింది. ఏడాదికి 29,51,520 చొప్పున మూడేళ్లకు కట్టేది 88,54,560.

సంపాదన ఒకటే. పన్నులో తేడా 66 లక్షల పైమాటే. పైగా ఉద్యోగికి పీఎఫ్, గ్రాట్యుటీ ఉంటాయి. ఆటగాడికి ముప్పై ఏళ్లు దాటాక మిగిలిన జీవితమంతా ఆ డబ్బు మీదే గడవాలి. చట్టం ఏడాదిని చూస్తుంది, బతుకుని చూడదు. అందుకే నా దగ్గరకు వచ్చే ప్రతి ఆటగాడి తల్లిదండ్రుల్నీ రేటు సంగతి పక్కన పెట్టి, "ఈ డబ్బు ఎన్నేళ్లు వస్తుందనుకుంటున్నారు?" అని అడుగుతాను. ఆ జవాబుని బట్టే మిగతా ఎంపికలన్నీ మారతాయి.

కొన్ని దేశాలు ఈ ఇబ్బందిని గుర్తించాయి. ఆస్ట్రేలియాలో ఆటగాళ్లు, కళాకారుల ఆదాయాన్ని ఏళ్ల మీద సగటు చేసి పన్ను వేసే పద్ధతి ఉంది. ఐర్లండ్‌లో ఆట నుంచి రిటైరైనవాళ్లకు పాత ఆదాయం మీద కట్టిన పన్నులో కొంత వెనక్కి వచ్చే వెసులుబాటు ఉంది. మన దేశంలో ఆటగాళ్లకు అలాంటిదేదీ లేదు. ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగని మన రేట్లు ఇప్పుడు ఎప్పుడూ లేనంత ఎక్కువేమీ కాదు. 1973–74లో 2 లక్షలు దాటిన ఆదాయం మీద సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం పన్ను ఉండేది. చివరి వందలో చేతికి మిగిలేది రెండుంపావు. సంపాదన అంతా చీకట్లోకి పోయిన కాలం అది. ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీ రేట్లు తగ్గించమన్న తర్వాత అది 77 శాతానికి, తర్వాత 66కి దిగింది. ఆర్థిక మంత్రులుగా 1985లో వి.పి. సింగ్ 50 శాతానికి దించారు, 1997లో చిదంబరం 30కి తెచ్చారు. ఇప్పుడు 5 కోట్లు దాటిన ఆదాయం మీద కూడా కొత్త విధానంలో గరిష్ఠంగా పడేది 39 శాతం. ఎక్కువే, కానీ కట్టి నిలబడగలిగేదే.

కొత్త విధానమా, పాతదా

ఎక్కువమంది అడిగేది ఇదే గానీ, నిజానికి తేలిగ్గా తేలిపోయేదీ ఇదే.

ఆదాయం 24 లక్షలు దాటిన వృత్తిదారుడికి పాత విధానం లాభించాలంటే 7,75,000 రూపాయలకు మించి మినహాయింపులు ఉండాలి. ఆటగాడికి అంత ఎక్కడి నుంచి వస్తుంది? బీమా, పీఎఫ్ లాంటి పొదుపులకి 80సీ కింద లక్షన్నర, ఎన్‌పీఎస్ పింఛను పథకానికి 50 వేలు, ఆరోగ్య బీమాకి 25 వేలు, ఇంటి అప్పు వడ్డీకి 2 లక్షలు. అన్నీ పూర్తిగా వాడినా 4,25,000 దాటదు. జీతగాడికి ఇంటి అద్దె అలవెన్సు మీద మినహాయింపు ఉంటుంది కాబట్టి పెద్ద అద్దె కట్టేవాళ్లకి ఒక్కోసారి పాతది కలిసొస్తుంది. ఆటగాడికి అది వర్తించదు.

పటమట అబ్బాయి లెక్కే చూడండి. ఆ 4,25,000 పూర్తిగా చూపించినా పాత విధానంలో పన్ను 16,98,840. కొత్తదానికంటే 1,20,120 ఎక్కువ. పైగా ఆ మినహాయింపుల కోసం డబ్బు బీమా పాలసీల్లో ఇరుక్కుపోతుంది. పాతిక దాటని కుర్రాడికి అమ్మిన పాలసీలు చూస్తే నాకు కోపం వస్తుంది.

ఒక మెలిక మాత్రం గుర్తుపెట్టుకోవాలి. జీతం మాత్రమే ఉన్నవాళ్లు ఏటా విధానం మార్చుకోవచ్చు. వృత్తి ఆదాయం ఉన్నవాళ్లకు ఆ స్వేచ్ఛ లేదు. గడువులోపు ఫారం 10ఐఈఏ వేసి పాతదానికి వెళ్లినవాళ్లు ఒకసారి కొత్తదానికి తిరిగొస్తే, ఆ వృత్తి ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి వెళ్లలేరు. "ఈ ఏడాదికి ఇది చూద్దాం" అని ఆడుకునే విషయం కాదిది.

5 కోట్లు దాటినవాళ్లు ఆలోచించాల్సిన పనే లేదు. పాత విధానంలో సర్‌చార్జీ 37 శాతం, అన్నీ కలిపి 42.744 అవుతుంది. కొత్తదానిలో సర్‌చార్జీ 25 దగ్గర ఆగిపోతుంది.

ఇంకో చిన్న విషయం, చాలామందికి తెలియనిది. ఆదాయం సరిగ్గా 50 లక్షలుంటే పన్ను 11,23,200. 51 లక్షలైతే 12,27,200. అంటే అదనంగా వచ్చిన లక్ష మీద కట్టేది లక్షా నాలుగు వేలు! 50 లక్షలు దాటగానే పది శాతం సర్‌చార్జీ మొదలవుతుంది. ఆ దెబ్బ తగ్గించడానికి ఉపశమనం ఉంది గానీ అది సెస్‌కి వర్తించదు. మార్చి నెలలో ఆదాయం 50 లక్షల అంచున ఉంటే, ఆ చివరి బిల్లు ఏప్రిల్‌లో వేయొచ్చేమో, రావాల్సిన ఖర్చుల బిల్లులు అన్నీ వచ్చాయో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

డబ్బు ఏ ఏడాది చేతికి రావాలి

ఎవరూ అడగని ఎంపిక ఇది. నేను మాత్రం అన్నిటికంటే ముందు పెడతాను.

బేస్‌బాల్ ఆటగాడు షోహీ ఓతాని 2023 డిసెంబరులో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. అందులో 68 కోట్ల డాలర్లు 2034 నుంచి 2043 మధ్య అందుతాయి. ఆడుతున్న పదేళ్లూ తీసుకునేది ఏడాదికి 20 లక్షల డాలర్లే. ఆ జట్టు ఉన్న కాలిఫోర్నియాలో రాష్ట్ర ఆదాయపు పన్ను 13.3 శాతం దాకా ఉంది. డబ్బు అందే నాటికి అతను వేరే చోట ఉంటే ఆ రాష్ట్రానికి రావాల్సింది రాకుండా పోవచ్చు. కాలిఫోర్నియా ఖజానా లెక్కలు చూసే కంట్రోలర్ ఈ పద్ధతికి పరిమితి పెట్టమని అమెరికా చట్టసభ కాంగ్రెస్‌ని కోరారు కూడా.

మన పిల్లలకు అంత పెద్ద లెక్కలు అక్కర్లేదు, సూత్రం మాత్రం పనికొస్తుంది. వృత్తి ఆదాయాన్ని డబ్బు చేతికొచ్చిన ఏడాదిలో చూపించే పద్ధతిని మన చట్టం ఒప్పుకుంటుంది, ఏటా అదే పద్ధతి పాటించాలి. మూడేళ్ల స్పాన్సర్ ఒప్పందానికి 90 లక్షలు అనుకుందాం. వేరే ఆదాయం లేని ఆటగాడు అదంతా సంతకం చేసిన ఏడాదే తీసుకుంటే పన్ను 26,08,320. ఏడాదికి 30 లక్షల చొప్పున తీసుకుంటే మూడేళ్లకు కలిపి 14,97,600. 11 లక్షల తేడా, ఏ తిరకాసూ లేకుండా.

ఇందులో కష్టం కూడా ఉంది. మొత్తం మొదటి ఏడాదే కంపెనీ పుస్తకాల్లో మీ పేరున జమ వేసి టీడీఎస్ కట్టేస్తే మీ పేరున పట్టిన పన్ను చూపించే 26ఏఎస్ పత్రంలో అంతా ఆ ఏడాదిలోనే కనబడి నోటీసులకు దారి తీస్తుంది. కాబట్టి ఏ ఏడాది ఏ పనికి ఎంత అనేది ఒప్పందంలోనే విడివిడిగా రాయించుకోవాలి. రెండోది, రేపు ఫామ్ పోతే కంపెనీ వెనక్కి తగ్గొచ్చు. గాయమైనా చెల్లింపు ఆగదనే షరతు రాయించుకోలేకపోతే, కంపెనీ మీద నమ్మకం లేకపోతే, పన్ను ఎక్కువైనా డబ్బు ముందే తీసుకోవడమే నయం. పన్ను మిగిలింది కదా అని అసలు పోగొట్టుకోకూడదు.

"కంపెనీ పెట్టేద్దామా?"

ఈ సలహా ఇచ్చేవాళ్లు కంపెనీకి పన్ను 25.168 శాతమేనని చెప్తారు. అది నిజమే. డబ్బు మళ్లీ మీ చేతికి రావాలంటే ఏమవుతుందో మాత్రం చెప్పరు. కంపెనీకి కోటి లాభం వస్తే దాని పన్ను పోగా 74.83 లక్షలు మిగులుతుంది. దాన్ని డివిడెండ్‌గా, అంటే వాటాదారుకి పంచే లాభంగా తీసుకుంటే మీ పేరున ఇంకో 20.88 లక్షలు పడుతుంది. మొత్తం 46 లక్షలు. మీ పేరునే కోటి చూపించి ఉంటే 29.52 లక్షలతో పోయేది.

కంపెనీ ఎవరికి పనికొస్తుందంటే, అకాడమీ పెట్టేవాళ్లకి, సొంత బ్రాండ్ పెంచుకునేవాళ్లకి, అంటే డబ్బు బయటకు తీయకుండా వ్యాపారంలోనే ఉంచేవాళ్లకి. మ్యాచ్ ఫీజు మీ శరీర శ్రమకి వచ్చేది, దాన్ని కంపెనీకి మళ్లించడం నిలబడదు. ఉమ్మడి కుటుంబం పేరున ఫైలు తెరిచి అందులో చూపించడం కూడా అంతే. మీకు పెద్ద వాటా ఉన్న కంపెనీ నుంచి భార్యకి జీతం ఇస్తే, ఆ పనికి తగిన అర్హత ఆమెకి లేకపోతే అది మీ ఆదాయంలోనే కలుస్తుంది. కోచ్ ఫీజు, కిట్, విమానం టికెట్లు, ఏజెంట్ కమీషన్ లాంటి అసలు ఖర్చులు సొంత పేరున ఉన్నా తీసేసుకోవచ్చు, దానికి కంపెనీ అవసరమే లేదు. బిల్లులు దాచుకోవాలి. రాబడి, అంటే ఖర్చులు తీయకముందు వచ్చింది, 50 లక్షలు దాటితే ఆడిట్ తప్పనిసరి.

ఇంట్లోవాళ్లు లెక్కలు చూసే ఆటగాళ్లకు లియోనెల్ మెస్సి కేసు గురించి ప్రత్యేకంగా చెప్తాను. తన పేరు, ముఖం వాడుకున్నందుకు వచ్చే ఇమేజ్ హక్కుల డబ్బుని బెలీజ్, ఉరుగ్వే లాంటి చోట్ల కంపెనీల ద్వారా తిప్పి స్పెయిన్‌కి 41 లక్షల యూరోల పన్ను ఎగ్గొట్టారని 2016లో బార్సిలోనా కోర్టు మెస్సికీ, వ్యవహారాలు చూసే తండ్రికీ జైలు శిక్ష వేసింది. మెస్సికి పడింది 21 నెలలు, తర్వాత అది జరిమానాగా మారింది. తండ్రిని నమ్మి సంతకం పెట్టానని అతను చెప్పుకున్నా కోర్టు ఒప్పుకోలేదు. సంతకం పెట్టే బిడ్డకి కాగితంలో ఏముందో తెలిసి ఉండాలి. తల్లిదండ్రులకు ఈ మాట నచ్చకపోయినా చెప్తాను.

దుబాయ్, మొనాకో, హైదరాబాద్

హైదరాబాద్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే "అక్కడికి మారితే ట్యాక్స్ తగ్గుతుందా?" అని అడిగేవాళ్లు ఉన్నారు. తగ్గదు. అమెరికాలో ఫ్లోరిడా, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అక్కడి ఆటగాళ్లకు జట్టు ఉన్న ఊరు ముఖ్యం. పైగా ఏ రాష్ట్రంలో ఎన్ని రోజులు ఆడారో లెక్కగట్టి ఆ రాష్ట్రమూ వాటా అడుగుతుంది. 1991 బాస్కెట్‌బాల్ ఫైనల్స్‌లో లాస్ ఏంజెలిస్ జట్టు మీద షికాగో బుల్స్ గెలిచాక కాలిఫోర్నియా ఆ జట్టు ఆటగాళ్లకు పన్ను వేస్తే, షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం బదులు తీర్చుకుంటూ చట్టం చేసింది. మన దగ్గర ఆదాయపు పన్ను కేంద్రానిది. బెంజ్ సర్కిల్‌లో ఉన్నా బంజారాహిల్స్‌లో ఉన్నా ఒకటే.

దేశం మారితే? పన్ను చూసి ఆటగాళ్లు దేశాలు ఎంచుకుంటారన్నది నిజం. స్పెయిన్ 2005లో విదేశీ ఉద్యోగులకు 24 శాతం పన్ను చాలన్నాక అక్కడికి విదేశీ ఫుట్‌బాల్ తారలు ఎక్కువగా వచ్చారని క్లెవెన్, లాండే, సాయెజ్ అనే ఆర్థికవేత్తలు 2013లో లెక్కలతో చూపించారు. ఉసేన్ బోల్ట్ 2010లో లండన్ పోటీకి రాలేదు. బ్రిటన్‌లో పరిగెత్తితే అక్కడి సంపాదనతో ఆగకుండా, ప్రపంచవ్యాప్త స్పాన్సర్ డబ్బులో వాటాకి కూడా అక్కడ పన్ను కట్టాలి. వచ్చే ఫీజు కంటే కట్టేది ఎక్కువయ్యేది. 2012 ఒలింపిక్స్ కోసం బ్రిటన్ ఆ నిబంధన సడలించింది, ఆ పోటీల్లో అతను లండన్‌లో పరిగెత్తాడు.

ఇక్కడే మన పిల్లలు పొరబడే చోటు ఉంది. బోల్ట్ కథ చెప్పేది ఏమిటంటే, ఆటగాడిని ఆట జరిగిన దేశం వదలదు. విజయవాడ కుర్రాడు దుబాయ్‌లో ఇల్లు తీసుకున్నా, భారత్‌లో ఆడిన మ్యాచ్ ఫీజుకి, ఇక్కడి కంపెనీ ప్రకటన డబ్బుకి పన్ను ఇక్కడే. ఐపీఎల్ ఆడే విదేశీయులకు రాబడి మీద 20 శాతం, దానిపై సర్‌చార్జీ, సెస్ అనే ప్రత్యేక రేటు ఉంది. అది భారత పౌరుడు కానివాళ్లకే. మన పాస్‌పోర్టు ఉన్నవాడు దుబాయ్‌లో ఉన్నా ఆ రేటు రాదు. పైగా 2020 నుంచి ఇంకో నిబంధన ఉంది. విదేశీ ఆదాయం కాకుండా మిగతా ఆదాయం 15 లక్షలు దాటిన భారత పౌరుడు ఏ దేశంలోనూ పన్ను పరిధిలో లేకపోతే అతన్ని ఇక్కడి నివాసిగానే లెక్కిస్తారు. అలాంటివాళ్ల విదేశీ ఆదాయం మొత్తాన్నీ పట్టరు గానీ, ఇక్కడి నుంచి నడిచే వృత్తి మీద వచ్చింది మాత్రం లెక్కలోకి వస్తుంది. సంపాదనలో ఎక్కువ భాగం భారత్‌లోనే వచ్చేవాళ్లకు దుబాయ్ వల్ల మిగిలేది చాలా తక్కువ, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

మొనాకోలో 1869 నుంచి వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్ అక్కడ ఉంటున్నట్టు చూపించాడు. నిజానికి ఎక్కువ కాలం గడిపింది మ్యూనిక్‌లోనని తేలి, 2002లో అక్కడి కోర్టు 17 లక్షల యూరోల పన్ను ఎగవేతకు రెండేళ్ల సస్పెండెడ్ శిక్ష (వెంటనే జైలుకి వెళ్లక్కర్లేనిది) వేసింది. తల్లి వంట, చిన్ననాటి స్నేహితులు, పాత కోచ్ ఉన్న ఊరికే మనిషి తిరిగొస్తాడు. సొంత ఊరిని వదిలి ఉండలేని మనిషి కాగితం మీద ఊరు మార్చుకోకూడదు.

విదేశాల్లో టోర్నీలు ఎక్కువగా ఆడే చెస్, బ్యాడ్మింటన్ పిల్లలకు అసలు పనికొచ్చేది వేరే ఉంది. అక్కడ ప్రైజ్ మనీలో కోసుకున్న పన్నుని ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు. దానికి ఫారం 67 వేయాలి, కోత రుజువు కావాలి. టోర్నీ అయిపోయి విమానం ఎక్కేలోపే ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. నెలల తర్వాత ఈమెయిళ్లు పెడితే ఎవరూ పలకరు.

పొలం సలహా

గుంటూరులో ఇది తప్పకుండా వినబడుతుంది. "నాలుగెకరాలు కొని మిర్చి ఆదాయం చూపించేయండి, పన్నే లేదు." వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, నిజమే. పండించిన రైతుకి లేదు. స్పాన్సర్ డబ్బుని మిర్చి డబ్బుగా చూపిస్తే అధికారి అడిగేది పాస్‌బుక్ ఒక్కటే కాదు. ఎన్ని క్వింటాళ్లు పండింది, యార్డులో ఎవరి కొట్టుకి వేశారు, అమ్మకం లెక్క చూపించే తక్‌పట్టీ ఏది, డబ్బు ఏ ఖాతాలో పడింది అని అడుగుతాడు. పొలం మీద ఇష్టంతో కొనుక్కోండి, పన్ను కోసం వద్దు.

ఉద్యోగమా, ఆట మీదే జీవనమా

స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో, ప్రభుత్వ రంగ సంస్థలోనో ఉద్యోగం వస్తే చేరాలా అని అడిగితే, చేరమనే చెప్తాను. కోనేరు హంపి ఓఎన్‌జీసీలో ఉద్యోగంలో ఉంటూనే 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయ్యారు. ఉద్యోగం ఆటకు అడ్డు అనే వాదనకి ఆమె ఉదాహరణే చాలు.

పన్ను కోణంలో కూడా ఇదే బలమైన దారి. మూడేళ్లలో రావాల్సింది ముప్పై ఏళ్లకు సర్దుకుంటుంది, మొదట చెప్పిన రెండిళ్ల లెక్కలో మొదటి ఇంటి వైపు జరుగుతారు. జీతం మీద 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. యజమాని ఎన్‌పీఎస్‌లో వేసే మూల వేతనంలో 14 శాతం దాకా కొత్త విధానంలోనూ మినహాయింపే. ఇబ్బంది ఏమిటంటే స్పాన్సర్ ఒప్పందాలకు శాఖ అనుమతి తీసుకోవాలి, అది ఆలస్యం కావచ్చు. రెండేళ్లలోనే కోట్లు వచ్చే క్రికెట్ కుర్రాడికి ఈ జీతం పెద్ద లెక్కలోకి రాకపోవచ్చు. ఆర్చరీ, చెస్, అథ్లెటిక్స్, హాకీ పిల్లలకు మాత్రం వదులుకోవద్దనే అంటాను.

మన ఊళ్లో ఇలాగే ఎక్కువ సంపాదించే డాక్టర్లకు ఒక సదుపాయం ఉంది, అది ఆటగాళ్లకు లేదు. రాబడి 75 లక్షల లోపు ఉండి నగదు 5 శాతం మించకపోతే 44ఏడీఏ సెక్షన్ కింద ఖర్చుల లెక్క లేకుండా సగమే ఆదాయంగా చూపించవచ్చు. 70 లక్షలు వచ్చిన డాక్టరు గారు 35 లక్షల మీద 6,55,200 కడితే సరిపోతుంది. ఆటగాళ్లను 2008లో టీడీఎస్ కోసం వృత్తి నిపుణుల్లో చేర్చారు గానీ, 44ఏడీఏ ఆధారపడే జాబితా వేరు. అందులో ఆటగాడు లేడు, సినిమా కళాకారుడు ఉన్నాడు. ఎవరైనా "సగం చూపించేద్దాం" అంటే ఒప్పుకోకండి, తర్వాత నోటీసు వచ్చేది మీ పేరునే.

సంతకం పెట్టే ముందు

ఒప్పందంలో "అన్ని పన్నులతో కలిపి" అని ఉంటే ఆగండి. రాబడి 20 లక్షలు దాటినవాళ్లు ప్రకటన డబ్బు మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి. 10 లక్షల్లో అది కలిసే ఉందంటే 1,52,542 మీ జేబులోంచి పోతుంది. "జీఎస్టీ అదనం" అనే రెండు మాటలు రాయించుకోండి. కంపెనీ కారో బైకో బహుమతిగా ఇస్తే అదీ ఆదాయమే, దాని విలువ మీద పది శాతం టీడీఎస్ లెక్క ఉంటుంది. ఒలింపిక్స్, ఆసియా, కామన్వెల్త్ క్రీడల పతకానికి ప్రభుత్వం ఇచ్చే నగదుకి మాత్రం మినహాయింపు ఉంది, ఆ జీవో కాపీ భద్రంగా పెట్టుకోండి.

డబ్బు పడిన రోజే ఇరవై శాతం వేరే ఖాతాలోకి వేయండి. పది వాళ్లు పట్టుకున్నారు, ఇరవై మీరు పక్కన పెట్టారు, కోటి దాకా ఆదాయానికి అది సరిపోతుంది. రెండు కోట్లు దాటితే ఇరవై ఎనిమిది పెట్టండి. అడ్వాన్స్ ట్యాక్స్ జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి పూర్తిగా కట్టాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఇక మీదటి ఒప్పందాల్లో కొత్త నంబర్లు చూసి కంగారు పడొద్దు.

పటమట వాళ్ల విషయానికొస్తే, ఫ్లాట్ బిల్డర్ గడువు పొడిగించడానికి ఒప్పుకున్నాడు. బంగారం మీద కొంత అప్పు తెచ్చి పన్ను కట్టేశారు. కొత్త స్పాన్సర్ ఒప్పందం మొన్న సంతకానికి వచ్చింది, రెండేళ్లకు 40 లక్షలు. సగం ఇప్పుడు, సగం వచ్చే ఏప్రిల్ తర్వాత అని రాయించాం. ఈసారి కాగితం ప్రతి పేజీ ఆ అబ్బాయే చదివాడు, రెండు చోట్ల నన్ను ఆపి అర్థం అడిగాడు.